హలో అన్న గొంతు

జూన్ 9

పొద్దున పేపరు చదువుతుంటే గొంతు ఆగిపోయింది. కాలవలకి నీళ్ళొదిలారన్న వార్త, సగంలో ఉన్నాను. గాలి వస్తోంది, మాట రావడం లేదు. ఆయన కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, కిటికీ వైపు మొహం పెట్టి వింటున్నారు.

"ఏమోయ్, ఆగావేం?"

సుగరు ఆయన కళ్ళని తినేసి నాలుగేళ్ళు దాటింది. నా మొహం చూసి తెలుసుకునే వీలు లేదు. మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, "పేజీ తిప్పుతున్నానండీ" అన్నాను. అదే పేజీ.

ఉగాది ముందు నుంచీ ఈ బొంగురు. మిరియాల పాలయ్యాయి, తమలపాకు రసమయింది, పైవాటా ఆవిడ చెప్పిన కరక్కాయ కూడా అయింది. మా అమ్మాయి రమ ఇంక ఊరుకోవడం లేదు. రేపు ఆఫీసుకి సెలవు పెట్టి వస్తుందట, గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి.

జూన్ 10

ముక్కులోంచి సన్న గొట్టం పెట్టి చూశాడు డాక్టరు. కుర్రవాడే. గొట్టం లోపలికి వెళ్ళేదాకా ఒకటే కబుర్లు — ఏ ఊరండీ, చల్లపల్లా, మా అమ్మమ్మగారిది కూచిపూడేనండీ, పక్కనేగా... గొట్టం బయటికి తీశాక కబుర్లు లేవు.

చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు.

ఆయనకి 'చలవ చేసిందట' అని చెప్పాను. నమ్మలేదు. నమ్మినట్టు తలూపారు.

జూన్ 12

ఫలితం రాలేదు. ఇంట్లో మాత్రం రోజూ జరిగేది జరగాల్సిందే. పేపరయ్యాక ఒక ఇంగ్లీషు మాట. హైస్కూల్లో ఆయన పాఠం మొదలెట్టే ముందు రోజుకో మాట బోర్డు మీద రాసి, దాని పుట్టుపూర్వోత్తరాలు పిల్లలకి చెప్పేవారట. కళ్ళున్నన్నాళ్ళూ ఆ లావుపాటి డిక్షనరీ ఆయనే చూసుకునేవారు. ఇప్పుడు భూతద్దం పెట్టుకుని నేను చదవాలి, ఆయన వినాలి. నా ఇంగ్లీషు టెలిఫోన్ ఎక్స్ఛేంజీకి సరిపోయేంతే. తప్పు చదివితే దిద్దుతారు. పెళ్ళయినప్పటి నుంచీ దిద్దుతూనే ఉన్నారు.

"ఇవాళ హలో చూడు" అన్నారు.

"దానికి అర్థమేముందండీ. హలో అంటే హలోనే."

"నీకు జీతం పెట్టిన మాటే అది. దాని సంగతి తెలుసుకోవద్దా?"

నిజమే. చల్లపల్లి ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరి, బెజవాడ ట్రంకు ఎక్స్ఛేంజీలో, ఊరికీ ఊరికీ లైను కలుపుతూ రిటైరయ్యాను. హలో బందరు, హలో గుడివాడ, హలో మూడు నిమిషాలయిందండీ, పొడిగించమంటారా. తలకి తగిలించుకున్న ఆ హెడ్‌సెట్టు బరువు ఇప్పటికీ చెవుల మీద ఉన్నట్టే ఉంటుంది.

చదివాను. ఆ మాట మనమనుకున్నంత పాతది కాదట. ఫోను రాకముందు మనుషులు ఎదురుపడితే హలో అనుకునేవాళ్ళు కారట. దూరంగా పోతున్నవాణ్ణి ఆపడానికో, ఏదైనా వింత కనపడితేనో అనేవాళ్ళు. ఫోను కనిపెట్టినాయన అసలు 'అహోయ్' అనమన్నాడట, ఓడలవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పిలుచుకునే కేక. ఇంకొకాయన, ఆ కరెంటు దీపాలాయన, హలో మేలన్నాడు. అదే నిలిచింది. అమెరికాలో తొలినాటి ఆపరేటరు ఆడపిల్లలని 'హలో గర్ల్స్' అనేవాళ్ళట.

ఇక్కడికొచ్చేసరికి నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గితే చేతిరుమాల్లో ఎర్రగా.

మడిచి బొడ్లో దోపుకున్నాను. "హలో గర్ల్‌కి దగ్గొచ్చిందే" అని ఆయన ఎగతాళి.

జూన్ 13

నిన్న సగం మిగిలింది. హలోకి ముందు హాలో, హొల్లా, ఇలా బోలెడు రూపాలు. అన్నిటికన్నా వెనక ఒక పాత జర్మను మాట ఉందట. 'తీసుకురా' అన్నట్టు అర్థం. ఏటికి అవతలున్న పడవవాణ్ణి పిలవడానికి అలా అరిచేవాళ్ళని కొందరంటారట. ఖాయమని చెప్పలేమని కూడా రాశారు.

పడవనగానే ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. ఆయన పుట్టింది కృష్ణ మధ్య లంకలో. బడికెళ్ళాలంటే ఏరు దాటాలి.

"చలికాలం పొద్దున్నే మంచు. పడవ అవతల గట్టునుందో, మధ్యలో ఉందో కనపడేది కాదు. ఓ...య్ అని అరిచేవాళ్ళం. కాసేపటికి అటునుంచి ఓ...య్ అని వచ్చేది. గొంతొచ్చిందంటే పడవ వస్తున్నట్టే. ఇంక చూడక్కర్లేదు."

తర్వాత మెల్లిగా అన్నారు — "చూపున్నవాళ్ళకి ఫోనులోనే హలో. నాకు ఇంట్లో కూడా హలోనే కదోయ్."

పొయ్యి మీద పాలున్నాయని చెప్పి లేచి వచ్చేశాను. పాలు లేవు.

జూన్ 16

వచ్చింది. అదే.

రమ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆటో ఎక్కాక, బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నలు పడింది. పక్కన బస్సులో ఎవరో ఆవిడ ఫోను పట్టుకుని గట్టిగా 'హలో... హలో... వినపడుతోందా' అంటోంది. అప్పుడు వచ్చింది ఏడుపు. ఆటో అబ్బాయి అద్దంలో చూసి, మళ్ళీ చూడలేదు.

జూన్ 17

డాక్టరు రెండు దారులు చెప్పాడు. ఒకటి, స్వరపేటిక మొత్తం తీసెయ్యడం. మెడ కింద కన్నం, ఊపిరి అందులోంచి. మాట ఉండదు. మనిషి దక్కుతుంది, చాలావరకు. రెండోది, ఆపరేషను లేకుండా కరెంటు పెట్టి, అదే రేడియేషను, మందులెక్కించి చూడటం. మాట ఉంటుంది. "మీ విషయంలో జబ్బు కూడా ఉండిపోవచ్చండీ" అన్నాడు.

వేరే ఎవరికైనా ఇందులో ఆలోచించేదేముంది? మాట పోతే రాసి చూపిస్తారు, సైగ చేస్తారు. నేను రాస్తే చదివేదెవరు? నా సైగ చూసేదెవరు?

ఎందుకొచ్చిందని అడిగాను. పొగాకు వాసన కూడా పడదు నాకు. "ఒక్కోసారి అంతేనండీ" అన్నాడు. ఆ పిల్లవాడి మీద కోపం రాలేదు. ఎవరి మీద రావాలో తెలియలేదు.

జూన్ 18

ఆయనకి మొత్తం చెప్పాను. రెండు దారులూ.

"తీయించెయ్" అన్నారు. వెంటనే. కూరలో కరివేపాకు తీసి పారెయ్ అన్నట్టు.

"మీతో మాట్లాడేదెవరు?"

"నేను మాట్లాడతాగా."

"మీరు మాట్లాడతారు. వినేదాన్ని నేను ఇంట్లో ఉన్నానో, పోయానో మీకెలా తెలుస్తుంది?"

చేతికర్ర వెతుక్కుని బాల్కనీలోకి వెళ్ళారు. దారిలో కుర్చీ తగిలింది. మామూలుగా అయితే నేను 'కుర్చీ' అని ముందే చెప్తాను. ఇవాళ చెప్పలేదు. కావాలని కాదు... ఏమో, కావాలనేమో.

జూన్ 20

రెండో దారే అనుకుంటున్నాను. ఉన్నన్నాళ్ళు మాట్లాడుతూ ఉంటాను. ఆయన కోసమే అని నాకు నేను చెప్పుకుంటున్నాను. అసలు సంగతి, నాకే భయం. మా ఇంట్లో నేను ఇంకో బీరువాలా నిలబడి ఉండటం... ఆయన తగిలితే గానీ ఉన్నట్టు తెలియకపోవడం. చావంటే ఇంత భయం లేదు.

జూన్ 21

మెహరున్నీసా వచ్చింది. ట్రంకు ఎక్స్ఛేంజీలో నా పక్క బోర్డు తనది. రిటైరయినా పక్కనే ఉన్నట్టు మాట్లాడుతుంది. రమ ఫోను చేసి చెప్పిందట.

"ఏంటి సుభద్రా, గొంతు ఉంచుకుంటావంట? ఉంచుకుని?"

"ఆయనతో మాట్లాడొద్దా."

"ఎన్నాళ్ళు? మూడు నిమిషాలయిందమ్మా అని పైనుంచి ఆపరేటర్ అంటే, ఇంకో మూడు పొడిగిస్తాడా నీకు?"

నన్ను నవ్వించబోయి తనే ఏడ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ అందుకుంది. "మాస్టారికి నీ మాటలు కావాలనుకుంటున్నావు, తిక్కదానా. నీ మాటలు ఆయన ఇన్నేళ్ళు విన్లా? ఇంక చాల్లే. అన్నం పెట్టే చెయ్యి ఉంటే చాలదా ఆయనకి?"

హాల్లో ఉన్న ఆయన ఇదంతా విన్నారు. అక్కడి నుంచే అన్నారు — "మెహరున్నీసా గారూ, ఆ చివరి మాట ఇంకోసారి చెప్పండి. తనకి సరిగా వినపడి ఉండదు."

జూన్ 22

సరే అన్నాను. తీయించుకుంటాను.

జులై 7న రమ్మన్నారు.

జూన్ 24

రమ ఆలోచన. నా మాటలు ఫోనులో రికార్డు చేసి పెడుతుందట. ఒక్కో బొమ్మ నొక్కితే ఒక్కో మాట వస్తుంది. లేవండి. కాఫీ. మాత్ర వేసుకోండి. గడప ఉంది, చూసుకోండి. స్నానానికి నీళ్ళు పెట్టాను. నేనిక్కడే ఉన్నాను.

గొంతు బాగా ఉన్న పొద్దుటి పూట చూసుకుని అన్నీ చెప్పాను. ఆయనకి వినిపించాం. మొహం చిట్లించారు.

"ఎవరీ అమ్మాయి?"

"నేనేనండీ."

"నువ్వు కాదు. ఎక్స్ఛేంజీ."

మళ్ళీ విన్నాను. నిజమే. ఫోను నోటి దగ్గరికి వచ్చిందంటే నా గొంతు మారిపోతుంది. ట్రైనింగులో నేర్పిందే అది. కోపం, విసుగు, జలుబు, ఇంట్లో గొడవ, ఏదీ అవతలివాళ్ళకి తెలియకూడదు. మాట తేటగా, ఒకే ఎత్తులో, చివర కాస్త నవ్వుతో. 'స్నానానికి నీళ్ళు పెట్టానండీ' అన్నది 'బందరు లైను బిజీగా ఉందండీ' అన్నట్టే ఉంది. ఈ బొంగురులో కూడా.

జూన్ 25

మళ్ళీ కూర్చున్నాం. "నాన్న మీద కోపం తెచ్చుకుని చెప్పమ్మా" అంది రమ. తెచ్చుకున్నాను. కోపంగా ఉన్న ఆపరేటరు వచ్చింది.

జూన్ 27

రమ నాకు చెప్పకుండా పోపుల డబ్బా వెనక ఫోను రికార్డుకి పెట్టిందట. సాయంత్రం తీసి విన్నాం. కుక్కరు, మిక్సీ, కింద రోడ్డు మీద హారన్లు, నా దగ్గు. మధ్యలో నేను ఆయన్ని పిలిచినట్టున్నాను, అప్పుడే లారీ వెళ్ళింది.

జూన్ 29

తన పెళ్ళి వీడియో అంతా వెతికింది రమ. చాలాచోట్ల ఉన్నాను. పళ్ళెం పట్టుకుని, ఎవరినో పిలుస్తూ, ఎవరితోనో నవ్వుతూ, నోరు కదుపుతూనే ఉన్నాను. పైన మొత్తం సన్నాయి పెట్టేశాడు వీడియోవాడు.

రాష్ట్రమంతా నా గొంతు విన్నది. ఒక్కచోట మిగల్లేదు.

జులై 2

ఇప్పుడు గుసగుసే. పేపర్లో హెడ్డింగులు చదివి ఊరుకుంటున్నాను. డిక్షనరీ మూసేశాం. "మాటలు దాచుకో" అన్నారు ఆయన.

దాచుకుంటే దాగే వస్తువా?

జులై 6

ఆసుపత్రిలో చేరాను. రేపు పొద్దున. ఆయన మంచం పక్క స్టూలు మీద కూర్చున్నారు. రమ మందులకి వెళ్ళింది.

"ఒకటి అడుగుతాను, నవ్వకు."

"అడగండి."

"నా పేరు పెట్టి ఒకసారి పిలువు."

ఎప్పుడూ పిలవలేదు. మా అమ్మ కూడా అంతే, రేషను షాపులో అడిగితే మా నాన్న పేరు పక్కావిడ చేత చెప్పించేది. నేనేమో ఉద్యోగంలో ముక్కూమొహం తెలియని మగవాళ్ళందరినీ పేర్లు పెట్టి ఫోను దగ్గరికి పిలిపించాను. ఆయన పేరు మాత్రం నోట రాలేదు. ఈ డైరీలో కూడా ఎక్కడా రాయలేదని ఇప్పుడు చూసుకుంటున్నాను.

నోరు తెరిచాను. మొదటి అక్షరం దాకా వచ్చింది. ఈలోగా సిస్టరొచ్చింది, బీపీ చూడాలంటూ. ఆవిడ వెళ్ళాక మళ్ళీ నోరు తెరిస్తే "ఏమండీ" అనే వచ్చింది.

"సర్లే" అన్నారు. "అదీ పేరేగా."

ఆయన అలిగారా లేదా అని చూశాను. చెయ్యి వదల్లేదు.

జులై 7

రమ తల దువ్వి రెండు జడలు వేసింది, చిన్నపిల్లలకి వేసినట్టు. పిలుస్తున్నారు...

జులై 11

ఉన్నాను.

జులై 12

ముక్కులో గొట్టం, మెడలో గొట్టం. దగ్గు మెడలోంచి వస్తుంది. ఏడిస్తే చప్పుడు ఉండదు, ఇది తెలియదు నాకు. ఆయా నా వైపు చూసి 'నొప్పా అమ్మా' అని అడిగితే గానీ నేను ఏడుస్తున్నట్టు ఎవరికీ తెలియలేదు.

రమ పలక తెచ్చింది. దాని మీద నేను మొదట రాసింది — నాన్న తిన్నారా.

జులై 14

ఆయన్ని తీసుకొచ్చారు. తడుముకుంటూ నా చెయ్యి అందుకున్నారు. తర్వాత నుదురు, బుగ్గలు. చెయ్యి మెడ వైపు జారుతుంటే పట్టుకుని ఆపాను. అర్థమైంది ఆయనకి. "సరే, సరే" అన్నారు.

అప్పుడన్నాను ఆయన పేరు. పెదాలతో. మొత్తం అన్నాను, ఇంటిపేరుతో సహా. ఆయన మొహం నా వైపే ఉంది.

రోజూ అంటున్నాను ఇప్పుడు. ఏ మొహమాటమూ లేదు.

జులై 23

ఇంటికొచ్చాం. తట్టడం మొదలెట్టాం. ఒకసారి తడితే అవును, రెండుసార్లయితే కాదు. గ్లాసు మీద చెంచాతో కొడితే భోజనం. బయటి నుంచి వస్తే తలుపు గొళ్ళెం మీద తాళంచెవితో కొడతాను, అది నేనని.

మధ్యాహ్నం మర్చిపోయి రమ చేసిన ఫోను నొక్కాను. 'నేనిక్కడే ఉన్నాను' అంది ఆపరేటరు. "ఆ అమ్మాయిని పంపించెయ్యవోయ్" అన్నారు ఆయన. నవ్వుతూనే అన్నారు. ఇంక నొక్కను.

జులై 29

జన్మలో ఇంత మాట్లాడలేదీయన. నేను మాట్లాడితే ఊఁ కొట్టే మనిషి. ఇప్పుడు పొద్దున లేచింది మొదలు — లంకలో జొన్న చేలు, స్కూలు తనిఖీలు, ఎప్పుడో ఎవరో పెట్టిన ఉత్తరంలో ఇంగ్లీషు తప్పులు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే భరించలేరు.

ఇవాళ బట్టలు తేవడానికి మేడ మీదికెళ్ళాను. చెప్పి వెళ్ళడం ఎలా? దిగివచ్చేసరికి ఆయన ఖాళీ కుర్చీతో మాట్లాడుతున్నారు. వరదొస్తే లంకలో గేదెల్ని ఈదించిన కథ. గుమ్మంలోనే నిలబడ్డాను, అడుగు చప్పుడు కాకుండా. కథ అయిపోయాక "కదూ?" అన్నారు కుర్చీ వైపు.

గోడ మీద ఒకసారి తట్టాను. చప్పుడు వేరే దిక్కు నుంచి వచ్చింది కదా, తల ఇటు తిప్పారు. మొహం చిన్నబోయింది. తర్వాత ఆ కథ ఎత్తలేదు.

ఆగస్టు 8

వరలక్ష్మీ వ్రతం. చెయ్యొద్దులే అమ్మా అంది రమ. చేశాను. కొంగు మెడ చుట్టూ కప్పుకున్నాను. పైవాటా ఆవిడ ఒక్కత్తే పేరంటానికి వచ్చింది.

వాయనం చేతిలో పెట్టాక గుర్తొచ్చింది, 'ఇస్తినమ్మ వాయనం' అనాలి కదా. ఆవిడ చేతులు చాపి, 'పుచ్చుకుంటినమ్మ' అనడానికి సిద్ధంగా నిలబడింది. రమ వంటింట్లో ఉంది. ఇద్దరం పళ్ళాన్ని చెరో వైపు పట్టుకుని అలాగే ఉండిపోయాం. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

హాల్లోంచి ఆయన గొంతు. "ఇస్తినమ్మ వాయనం."

మగవాళ్ళు అనే మాట కాదది. ఆవిడ తెల్లబోయి, తర్వాత తేరుకుని "పుచ్చుకుంటినమ్మ వాయనం" అంది. మూడుసార్లూ ఆయనే అన్నారు, క్లాసులో పిల్లల చేత చెప్పించినట్టు, స్పష్టంగా. ఎన్నేళ్ళుగా వింటున్నారో, వరస తప్పలేదు.

ఈ మనిషితో ఇంకా చాలా మాట్లాడాల్సింది నేను. చాలా.

ఆగస్టు 19

కరెంటు పెట్టించుకోవడానికి రోజూ వెళ్తున్నాం. మెడ కమిలింది. రాయడానికి ఓపిక లేదు.

ఆగస్టు 27

చవితి. మా సందు మొగలోనే పందిరి, పొద్దున్నుంచీ మైకు. కిటికీ అద్దాలు అదురుతున్నాయి.

నేను వంటింట్లో ఉండ్రాళ్ళు చుడుతున్నాను. ఆయన ఏదో అడిగినట్టున్నారు, నాకు వినపడలేదు. నేను తట్టినా ఆయనకి వినపడేది కాదు. బయటికొచ్చి చూస్తే హాలు మధ్యలో నిలబడి ఉన్నారు. కర్ర చేతిలో లేదు. చేతులు ముందుకి చాపి నాలుగు వైపులా తిరుగుతున్నారు.

"ఏమోయ్... ఉన్నావా? ఏమోయ్..." ఇంకాస్త గట్టిగా — "హలో?"

పిండి చేతుల్తోనే వెళ్ళి పట్టుకున్నాను. "ఏం లేదు, ఊరికే" అన్నారు. చొక్కా మీద పిండి అంటింది. చాలాసేపు అలాగే నిలబడ్డాం, మైకు పాడుతూనే ఉంది.

ఇలా కుదరదు. నాకు గొంతు కావాలి. ఏదో ఒక గొంతు.

ఆగస్టు 30

డాక్టరునడిగాను, పలక మీద. ఒక మిషను ఉందట. టార్చిలైటంత ఉంటుంది. గడ్డం కింద ఆనించి మీట నొక్కితే బుర్రుమంటుంది, ఆ చప్పుడుని మన నోటితో మాటలుగా మలుచుకోవాలి. నా మెడ కమిలి ఉంది కాబట్టి బుగ్గకి ఆనించమంది నేర్పే అమ్మాయి. 'అ' దగ్గర మొదలెట్టాం. తేనెటీగ సీసాలో పడ్డట్టుంది నా 'అ'.

ఆయనకి చెప్పొద్దని రమకి రాశాను. బాగా వచ్చాకే.

సెప్టెంబర్ 4

మెహరున్నీసా ఇంట్లో సాధన. తన ఇంటిపనికి సాయానికని ఆయనకి రమ చేత చెప్పించి వస్తున్నాను. తను ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా పట్టి పట్టి చెప్పిస్తుంది.

మొదటి రోజు నా గొంతు విని నోరు నొక్కుకుంది. "వానలప్పుడు కలకత్తా లైను" అంది. తర్వాత తనకే బాధనిపించి, "లైను ఎలా ఉంటే ఏంటి, మాట అందిందా లేదా" అంది.

ఇవాళ 'అన్నం తిన్నారా' పూర్తిగా వచ్చింది. ఆడగొంతు కాదు. మగగొంతూ కాదు. బావిలో దింపిన మోటారు మాట్లాడితే ఎలా ఉంటుందో అలా. అయినా మాటే.

సెప్టెంబర్ 8

"రేపు చెప్పెయ్, ఇంక దాచకు" అంది మెహరున్నీసా. ఏం చెప్పాలో కూడా అనుకున్నాను. ముందు ఏమండీ. తర్వాత, ధైర్యముంటే, పేరు.

భయంగా ఉంది. పెళ్ళిచూపులప్పుడు కూడా ఇంత లేదు.

సెప్టెంబర్ 9

సాయంత్రం మెహరున్నీసా దగ్గర్నుంచి వచ్చాను. తలుపు ఓరగా వేసి ఉంది. తాళంచెవితో గొళ్ళెం మీద కొట్టలేదు. ఇవాళ మాటతోనే లోపలికి వెళ్దామనుకున్నాను. ఆయన హాల్లో కుర్చీలో ఉన్నారు, రేడియో ఒళ్ళో పెట్టుకుని. నా చెప్పుల చప్పుడుకి తలెత్తారు.

మిషను బుగ్గకి ఆనించి, "ఏమండీ" అన్నాను. "నేను."

ఆయన రేడియో కట్టేశారు. లేచి నిలబడ్డారు. భుజం మీద తువ్వాలు సర్దుకున్నారు.

"ఎవరండీ? రండి, రండి. కూర్చోండి."

చెయ్యి చాపి కుర్చీ చూపించారు. మా కుర్చీ, నేను రోజూ కూర్చునేది. నా నోట ఇంకో మాట రాలేదు. ఆ నిశ్శబ్దానికి ఆయన ఇబ్బంది పడ్డారు, వచ్చినవాళ్ళకి తను మర్యాద తక్కువ చేశానేమోనని. ఇంకా నెమ్మదిగా, ఇంకా మన్ననగా చెప్పారు —

"మా ఆవిడ బయటికెళ్ళిందండీ, వచ్చే వేళే. తనకి మాట రాదు, మీరేమీ అనుకోకండి. మీరు చెప్పేదంతా వింటుంది. చాలా మంచిది."

వెనక్కి నడిచాను. తలుపు దాటి, వరండాలో నిలబడి, మిషను సంచిలో పెట్టేశాను. తాళంచెవి తీసి గొళ్ళెం మీద కొట్టాను.

"వచ్చావా?" ఆయన మొహం వెలిగింది. "ఎవరో వచ్చారు చూడు. పాపం, గొంతుకేదో జబ్బు చేసిన మనిషిలా ఉన్నాడు. కూర్చోమన్నాను. ఉన్నాడా, వెళ్ళిపోయాడా?"

ఒకసారి తట్టాను.

"అంటే వెళ్ళిపోయాడా?"

ఒకసారి.

"అయ్యో. మంచినీళ్ళైనా ఇవ్వలేదు. నీ దగ్గరికే వచ్చాడేమో, ఆసుపత్రిలో పరిచయమా? మళ్ళీ వస్తాడా?"

దేని మీదా తట్టలేదు. వంటింట్లోకి వెళ్ళి దీపం పెట్టాను, బియ్యం కడిగాను. భోజనం దగ్గర మళ్ళీ అడిగారు. పప్పు వడ్డించాను.